పాత మెమరీ చిప్‌కి ఎంత ఇవ్వొచ్చు? నేను లెక్క వేసే పద్ధతి

“అక్కా, దీనికి ఇంత ఇవ్వొచ్చా?” అంటూ నా దగ్గర రిపేరు నేర్చుకుంటున్న కుర్రాడు ఒక ఫోటో పంపాడు. అందులో 30 పిన్నుల ర్యామ్ స్టిక్కులు మూడు ఉన్నాయి. ఒక్కోటి 4 ఎంబీ. “చాలా అరుదైనవి” అని రాసి ఉంది. కుర్రాడి దగ్గరున్నది 386 డీఎక్స్ అనే పాత ప్రాసెసర్ ఉన్న బోర్డు. ధర ఎంతో చూడకుండానే వద్దన్నాను. ఆ ప్రాసెసర్ డేటా దారి వెడల్పు 32 బిట్లు, 30 పిన్నుల స్టిక్ ఒక్కోటి ఇచ్చేది 8 బిట్లు. నాలుగు కలిస్తేనే ఒక బ్యాంకు, అంటే ప్రాసెసర్ ఒకేసారి చదివే మెమరీ వరస, నిండుతుంది. మూడు ఎంత చవకగా వచ్చినా బోర్డు బూట్ అవదు. నాలుగో దాన్ని విడిగా వెతుక్కోవాలంటే, అమ్మేవాళ్లు ఎంత చెబితే అంత పెట్టాలి. అందుకే నా లెక్కలో మూడు స్టిక్కుల విలువ నాలుగింటి విలువలో ముప్పావు వంతు కాదు, సగం కూడా ఉండదు.

పాత మెషీన్లు బాగుచేస్తూ చాలా ఏళ్లుగా ఇలాంటివి కొంటున్నాను. కొన్న ప్రతిసారీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. పార్ట్ నంబర్, ఎప్పుడు తయారైందో చెప్పే డేట్ కోడ్, ఎన్ని ముక్కలు, పోస్టేజీతో కలిపి ఒక్కోటి ఎంత పడింది, వచ్చాక ఎన్ని చచ్చినవి తేలాయి. ఆ పుస్తకం తిరగేసినప్పుడల్లా ఒకటే కనిపిస్తుంది. చిప్ వయసును బట్టి ధర పలకదు. దాని కోసం ఏ మెషీన్ ఎదురుచూస్తోంది, దాని బదులు ఇంకేదైనా పెట్టొచ్చా, పనిచేస్తుందని అమ్మేవారు చూపిస్తున్నారా, ఈ మూడిటి మీదే పలుకుతుంది.

ముందు ఏ మెషీన్‌కో తేల్చుకోండి

చిప్ మీద రాసినది పూర్తిగా చదవండి. ఉదాహరణకు ‘4164-15’, కింద ‘8342’ అని ఉందనుకోండి. 4164 అంటే 64 కిలోబిట్ల డైనమిక్ ర్యామ్ (డీర్యామ్), ఒకసారికి ఒక బిట్ ఇస్తుంది. 15 అంటే డేటా ఇవ్వడానికి పట్టే సమయం 150 నానోసెకండ్లు, అది తగ్గేకొద్దీ స్పీడు ఎక్కువ. 8342 అంటే 1983లో 42వ వారంలో తయారైంది. కమడోర్ 64 లాంటి మెషీన్‌కి ఇవి ఎనిమిది కావాలి. మెషీన్ 200 నానోసెకండ్లు అడిగితే 150ది హాయిగా పనిచేస్తుంది, 120ది కూడా పనిచేస్తుంది. కానీ ‘ఎక్కువ స్పీడు’ అని 120కి రెట్టింపు ధర అడిగితే ఇవ్వకండి, ఆ స్పీడుతో మీ మెషీన్‌కి ఒరిగేదేమీ లేదు.

4116 సంగతి వేరు. ఇది 16 కిలోబిట్ల చిప్. దీనికి +5, +12, -5 అని మూడు వోల్టేజీలు కావాలి. మిగతావి ఉండి -5 రాకపోతే చిప్ కాలిపోయే ప్రమాదం ఉంది. పాత ఆపిల్ 2లో, టీఆర్‌ఎస్-80లో, మొదటి ఐబీఎం పీసీ బోర్డులో ఇవే ఉండేవి. పవర్ సప్లై చెడి ఒకేసారి ఎనిమిదీ పోవడం నేను చాలాసార్లు చూశాను. అంటే చచ్చే చిప్‌లు ఎక్కువ, అడిగేవాళ్లూ ఎక్కువ. అందుకని నాలుగు రెట్లు పెద్దదైన 4164 కన్నా చిన్నదైన 4116కే ఎక్కువ ధర పలకడం మామూలే. “ఇంత చిన్న మెమరీకి ఇంతా?” అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. కెపాసిటీని చూసి పాత మెమరీకి ధర కట్టలేం.

స్టిక్కుల దగ్గరికి వస్తే, మీ బోర్డు ఎన్ని కలిపి అడుగుతుందో ముందే తెలుసుకోండి. 286, 386 ఎస్‌ఎక్స్ బోర్డులకు 30 పిన్నులవి రెండేసి, 386 డీఎక్స్, 486 బోర్డులకు నాలుగేసి. 72 పిన్నులది ఒక్కోటి 32 బిట్లు ఇస్తుంది కాబట్టి 486కి ఒకటి చాలు, 64 బిట్ల పెంటియమ్‌కి రెండేసి కావాలి. 30 పిన్నుల్లో 1 ఎంబీవి దొరికినంత సులువుగా 4 ఎంబీవి దొరకవు, 16 ఎంబీవి మరీ తక్కువ. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే డేట్ కోడ్ ఉన్న నాలుగింటి సెట్‌కి విడి ముక్కల కన్నా కాస్త ఎక్కువ ఇవ్వడం న్యాయమే. అది మీకు తప్పించే టెన్షన్‌కి విలువ ఉంది.

1 ఎంబీ స్టిక్కుల్లో తొమ్మిది చిప్‌లవి, మూడు చిప్‌లవి ఉంటాయి. కొన్ని పాత బోర్డులు మూడు చిప్‌లవి ఒప్పుకోవు. 72 పిన్నుల్లో ఎఫ్‌పీఎం, ఈడీఓ రెండు రకాలు. ఎఫ్‌పీఎంతో పెంటియమ్ బోర్డులూ నడుస్తాయి, కానీ ఈడీఓ పెడితే చాలా 486 బోర్డులు ఒప్పుకోవు. అందుకే కొత్తదైన ఈడీఓ కన్నా పాతదైన ఎఫ్‌పీఎంకి ఎక్కువ అడుగుతారు. 486 కోసం కొంటుంటే అది సమంజసమే. పెంటియమ్ కోసమైతే ఆ అదనం కట్టకండి.

తర్వాతి తరంలో నాకు బాగా పనికొచ్చిన విషయం ఒకటుంది. 1998లో వచ్చిన ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డులకు ఎస్‌డీర్యామ్ అనే రకం మెమరీలో 256 ఎంబీ స్టిక్ కొనేటప్పుడు స్టిక్ మీద చిప్‌లు లెక్కపెట్టండి. 16 చిప్‌లున్నవైతే పూర్తి 256 కనిపిస్తుంది. 8 పెద్ద చిప్‌లతో చేసినవి ఆ బోర్డులో సగమే కనిపిస్తాయి. లేబుల్ మీద రెండింటికీ 256 అనే ఉంటుంది. ధరలో తేడా రావాల్సింది ఇక్కడే. కానీ చాలామంది అమ్మేవాళ్లకు ఇది తెలియక రెండింటికీ ఒకటే రేటు పెడతారు. అప్పుడు 16 చిప్‌లవి ఏరుకోండి.

పై హద్దు, కింది హద్దు

ఏ పార్టుకైనా ఒక పై హద్దు ఉంటుంది. ఆ పని చేసే వేరే వస్తువు ఎంతకి దొరుకుతుందో అదే ఆ హద్దు. 32కే×8 స్టాటిక్ ర్యామ్ (ఎస్‌ర్యామ్) 62256 రకం కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి. కాబట్టి మెషీన్ నడవడమే మీకు కావాలంటే, పాత 62256కి కొత్తదాని కన్నా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. 4116 స్థానంలో, కాస్త వైరింగ్ మార్చి 4164 పెట్టుకోవచ్చు. అదే పని చేసే చిన్న అడాప్టర్ బోర్డులు కూడా అమ్ముతారు. ఎనిమిది 4116లకు అడుగుతున్న మొత్తం ఆ అడాప్టర్ల ధర దాటిందంటే, మీరు మెమరీకి కాదు, అచ్చం అప్పటి చిప్పే ఉండాలన్న ఇష్టానికి కడుతున్నారు. అందులో తప్పులేదు, నేనూ కట్టాను. కానీ దేనికి కడుతున్నామో తెలిసి కట్టాలి.

స్పెక్ట్రమ్ 48కే అనే 1980ల హోం కంప్యూటర్ దీనికి చక్కటి ఉదాహరణ. దాని పై 32 కేబీ కోసం వాడినవి నిజానికి 64 కిలోబిట్ల చిప్‌లే, కాకపోతే ఒక సగం లోపం ఉన్నవి. బాగున్న సగాన్ని 32 కిలోబిట్ల చిప్‌గా టీఎంఎస్ 4532, ఎంఎస్‌ఎం 3732 అన్న నంబర్లతో అమ్మారు. బాగున్న సగం ఎనిమిదింటిలోనూ ఒకటే అయి ఉండాలి, బోర్డు మీద జంపర్ (చిన్న అతుకు తీగ) కూడా దానికి తగ్గట్టే పెట్టాలి. ఇప్పుడు ఆ నంబరు ఉన్నవి తక్కువ దొరుకుతాయని గట్టిగానే అడుగుతారు. కానీ అక్కడ మామూలు 4164 పెడితే చక్కగా పనిచేస్తుంది. సగం చెడిన చిప్‌కి పూర్తిగా బాగున్న చిప్ కన్నా ఎక్కువ ఇవ్వాలంటే, మీ బోర్డును పుట్టినప్పుడు ఉన్నట్టే నిలబెట్టాలన్న పట్టుదల ఉండాలి.

కింది హద్దు తుక్కు ధర. తెల్లటి సెరామిక్ ఒంటికి బంగారు పూత మూత ఉన్న 1970ల చిప్‌లను బంగారం కోసం కరిగించేవాళ్లు బరువు లెక్కన కొంటారు. ఇంటెల్ సీ1702ఏ ఈప్రామ్ లాంటివాటికి దానిమీద సేకరణదారుల ధర ఒకటి పడుతుంది. 1702 వచ్చింది 1971లో, అతినీలలోహిత కాంతితో చెరిపి మళ్లీ రాయగల చిప్‌లకు అది మొదలు. అందంగానూ ఉంటుంది. అలాంటిది పనిచేస్తుందా లేదా అని సేకరణదారులు పెద్దగా పట్టించుకోరు. ఒంటి మీద గీతలు లేవా, అక్షరాలు చెదరలేదా, కాళ్లు నిటారుగా ఉన్నాయా అని చూస్తారు. మీకు మెషీన్ నడవడమే కావాలంటే వాళ్లతో పోటీపడకండి. అదే చిప్ ప్లెయిన్ రకంలోనూ, గీతలు పడ్డదీ చాలా తక్కువకు దొరుకుతుంది. ఒక మాట మాత్రం చెప్పాలి. పనిచేసే 1103 చిప్‌లు, 1970లో వచ్చిన ఆ ఒక కిలోబిట్ డీర్యామ్‌లు, కరిగిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. తుక్కు ధరకు రెండింతలు ఇచ్చైనా అలాంటివి కాపాడటం నా దృష్టిలో న్యాయమైన ధరే.

అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర

ఆన్‌లైన్‌లో ఏళ్ల తరబడి అమ్ముడుకాకుండా కూర్చున్న చిప్‌లు కోకొల్లలు. వాటి మీద రాసిన ధర ధరే కాదు. ఈబేలో అయితే అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టండి. కనీసం ఆరు అమ్మకాలు చూసి, అన్నిటికన్నా పైది, కిందది వదిలేసి, మిగతావి ఒక్కో ముక్కకు లెక్కకట్టండి. పోస్టేజీ కలపండి, వేరే దేశం నుంచైతే పన్నూ కలపండి. ధర మీద అడ్డగీత కొట్టి బెస్ట్ ఆఫర్ ఒప్పుకున్నారని చూపిస్తే, అసలు చెల్లించింది ఆ అడ్డగీత కొట్టిన ధర కన్నా తక్కువ. అలాంటివి లెక్కలోకి తీసుకోను.

‘లాట్’గా, అంటే గుంపుగా, అమ్మేవి జాగ్రత్తగా విడగొట్టాలి. పరీక్షించిన 4116 ఒకటి 100 పలుకుతోందనుకుందాం. ఎక్కడి నుంచి తీశారో తెలియని, పరీక్షించని 16 చిప్‌లను 1200కు ఇస్తామన్నారు. ఒక్కోటి 75 కదా, లాభమే అనిపిస్తుంది. కానీ నాలుగో వంతు చచ్చినవనుకోండి, బాగున్నవి 12. ఒక్కోటి మళ్లీ 100కే వచ్చింది. పైగా పరీక్షించే పని మీది, వెనక్కి ఇచ్చే వీలూ లేదు. ఆ శ్రమకు, రిస్కుకు నేను ఇంకో మూడో వంతు తగ్గిస్తాను. అంటే ఆ లాట్‌కి నా ధర 800. అమ్మేవారికి అదే లెక్క విడమరిచి రాస్తాను. మర్యాదగా, అంకెలతో చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోయినా కోపగించుకోరు.

“పనిచేస్తున్న మెషీన్ నుంచి తీసినవి” అన్నదాన్ని రుజువుగా తీసుకోను. ఆ మెషీన్ బూట్ అయిన ఫోటో, మెమరీ టెస్ట్ స్క్రీన్ ఫోటో అడుగుతాను. ఇస్తే పూర్తి ధర. “టెస్ట్ చేసే వీలు లేదు” అంటే సగం. “రిటర్న్ తీసుకుంటాం” అంటే టెస్ట్ చేయకపోయినా ముప్పావు వంతు ఇస్తాను.

ఫోటోలో చూడాల్సినవి

చిప్ పైముఖం మరీ నున్నగానో, మరీ నల్లగానో ఉండి, అంచు దగ్గర రంగు మారితే, పాత రాత గీకేసి కొత్త నంబర్ వేశారేమోనని అనుమానించండి. ఒకటో పిన్ను దగ్గరి గుంట సగం పూడుకుపోయినట్టుంటే అనుమానం బలపడుతుంది. పైన అన్నిటికీ ఒకే డేట్ కోడ్ ఉండి, తిప్పి చూస్తే కింద అచ్చు గుర్తులు వేరువేరుగా ఉన్నాయంటే అవి ఒకే చోట పుట్టినవి కావు. అందుకే కింది వైపు ఫోటో తప్పకుండా అడుగుతాను. చేతికి వచ్చాక దూదికి కొంచెం అసిటోన్ అద్ది ఒక మూల రుద్దితే నల్ల పూత దూదికి అంటుకుంటుంది. అసలైన ముద్ర కూడా కొన్నిటికి చెరిగిపోవచ్చు కాబట్టి అక్షరాల మీద కాకుండా ఖాళీ చోట రుద్దండి.

‘కొత్తవి, వాడనివి’ అన్నవాటి కాళ్లు చూడండి. సోల్డర్ చార లేకుండా, కొంచెం బయటికి విచ్చుకుని ఉంటేనే వాడనివి. కాళ్లు నల్లగా ఉన్నంత మాత్రాన కొట్టిపారేయొద్దు. వెండి పూత కాళ్లు గాలికి అలా నల్లబడతాయి, శుభ్రం చేస్తే పనిచేస్తాయి. నల్ల ఫోమ్‌లో దశాబ్దాలు గుచ్చి ఉంచినవైతే వేరు. ఆ ఫోమ్ పొడైపోతూ కాళ్లను తినేస్తుంది, సాకెట్‌లో నొక్కగానే కాలు విరుగుతుంది. అలాంటివాటికి ‘వాడనివి’ అన్న ధర ఇవ్వను.

లోపల బ్యాటరీ ఉన్న మాడ్యూళ్లకు, అంటే కరెంటు పోయినా డేటా నిలిపే డీఎస్1225, డీఎస్1230 లాంటి ఎన్‌వీర్యామ్‌లకు, ‘పాత స్టాకు, వాడలేదు’ అన్నది గొప్ప కాదు. లోపలి లిథియం సెల్ వాడకపోయినా ముసలిదవుతుంది. 1994 డేట్ కోడ్ ఉన్నదాన్ని నేను ఖాళీ పెట్టె కింద లెక్కేస్తాను. పాత ఎస్‌ర్యామ్ ధర దాటి ఇవ్వను.

ఈప్రామ్‌లలో రెండు ఉచ్చులు. గాజు కిటికీ లేని ప్లాస్టిక్ 27సీ రకం ఒకసారి రాస్తే మళ్లీ చెరగదు. వాడేసినవాటిని ‘ఈప్రామ్’ అని అమ్మితే అవి మీకు పనికిరావు. రెండోది 2716. ఇంటెల్ 2716 ఒక్క +5తో చదువుతుంది, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్2716కి మూడు వోల్టేజీలు కావాలి. ఇంటెల్‌దానికి సరిపడేది టీఎంఎస్2516. నంబర్ ఒకటేనని కొంటే సాకెట్‌లో పెట్టగానే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమవుతుంది. ఇంకొకటి, పాత లేబుల్ ఉన్న ఈప్రామ్ చెరిపే ముందు దయచేసి లోపలున్నది చదివి దాచండి. ఏ మెషీన్ ఫర్మ్‌వేర్‌కి అదే చివరి కాపీ అయి ఉంటుందో చెప్పలేం. అలాంటిదైతే చిప్ ధర కన్నా లోపలి రాతే విలువైనది.

ప్యారిటీ స్టిక్కులకు, అంటే మెమరీ తప్పులు పట్టే అదనపు చిప్ ఉన్నవాటికి, అదనపు ధర అడిగితే ప్యారిటీ చిప్ నంబర్ వెతికి చూడండి. 1990ల్లో చాలా స్టిక్కుల్లో ఆ స్థానంలో మెమరీకి బదులు, అప్పటికప్పుడు ప్యారిటీ లెక్కగట్టి ఇచ్చే చిన్న లాజిక్ చిప్ పెట్టారు. బోర్డుకు ప్యారిటీ ఉన్నట్టే కనిపిస్తుంది, తప్పు మాత్రం ఎప్పటికీ దొరకదు. నేనొకసారి ఒక పాత సర్వర్ కోసం అలాంటివి నాలుగు, మంచి ధర పెట్టి కొన్నాను. నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇప్పటికీ ఎర్ర ఇంకుతో ఉంది. 486 బోర్డుల మీది క్యాష్ చిప్‌లూ, అంటే ప్రాసెసర్‌కి డేటా త్వరగా అందించే చిన్న మెమరీ చిప్‌లూ, అంతే. లోపల సిలికాన్ లేని ఉత్త ప్లాస్టిక్ డమ్మీలతో వచ్చిన బోర్డులున్నాయి. విడిగా అమ్మే క్యాష్ చిప్‌లు పరీక్షించినవి కాకపోతే తుక్కు ధరే.

మెమరీ చిప్‌లకు ముందు వాడిన కోర్ మెమరీ గురించి క్లుప్తంగా చెబుతాను, అది మెషీన్ కోసం కన్నా గోడకు పెట్టుకోవడానికి కొనేవాళ్లే ఎక్కువ. 64×64 ప్లేన్‌లో 4096 ఫెర్రైట్ ఉంగరాలుంటాయి, ఒక్కోదాంట్లోంచి సన్నటి తీగలు. మల్టీమీటర్ పెట్టి ఎక్స్, వై తీగలన్నీ తెగకుండా ఉన్నాయని చూపిస్తే ధర పెంచి ఇవ్వొచ్చు. ‘అపోలో’, ‘అంతరిక్షం’ అని రాసి ఉంటే కాగితాలు అడగండి. అపోలో కంప్యూటర్ శాశ్వత మెమరీ వేరే రకం, దాన్ని కోర్ రోప్ అంటారు. కాగితాలు లేని ఆ మాటకు నా లెక్కలో సున్నా.

చేతికి వచ్చిన రోజు

కవరు తెరిచే ముందు ఒక ఫోటో, తెరిచాక ఒకటి తీయండి. రిటర్న్ గడువు ఏ రోజుతో ముగుస్తుందో కవరు మీదే రాయండి. స్టిక్కుల కాంటాక్టులు శుభ్రం చేయండి. సాకెట్ తగరపు పూతదైతే తగరపు స్టిక్, బంగారు పూతదైతే బంగారు స్టిక్ పెట్టండి, రెండూ కలిస్తే కొన్నేళ్లకు కాంటాక్ట్ పాడవుతుంది. పీసీ స్టిక్కులకు మెమ్‌టెస్ట్86+ అనే మెమరీ పరీక్ష ప్రోగ్రామ్ ఒక రాత్రంతా తిప్పండి. ఒక్క రౌండు తప్పుల్లేకుండా పోయిందని ఆపేయకండి, మెషీన్ వేడెక్కాక బయటపడే లోపాలు నేను చాలా చూశాను.

కొన్నిసార్లు దీనికి ఎదురు జరుగుతుంది. ఇల్లు సర్దుతూ ఎవరో తెలియక మరీ తక్కువకు అమ్ముతుంటారు. పోయినేడాది ఒకావిడ తన భర్త సామాన్లలోని 30 పిన్నుల స్టిక్కులు డబ్బాడు, మామూలు 1 ఎంబీ ధరకే పెట్టారు. ఫోటోలో చిప్ నంబర్లు పెద్దవి చేసి చూస్తే నాలుగు 16 ఎంబీవి. ఆ సంగతి ఆవిడకు రాశాను. వాటిని విడిగా తీసి, అమ్ముడైన ధరలు చూపించి, వాటికి తగ్గట్టే నా ధర చెప్పాను. ఆవిడ నాకే ఇచ్చారు. మూడు వారాల తర్వాత ఆయన దాచుకున్న రెండు మదర్‌బోర్డులు, వాటి మాన్యువల్స్ ఉన్నాయని, వాటికీ ధర చెప్పమని మళ్లీ రాశారు. నోట్‌బుక్‌లో ఆ వరసలో ‘చచ్చినవి’ అన్న గడిలో సున్నా ఉంది.